రెక్క మొదట్లో ఏం జరుగుతుంది: హెలికాప్టర్ రోటర్ హబ్‌ల బెంచ్ డైరీ

ఇది ఎగరదు. 80 సెం.మీ. వ్యాసం ఉన్న రోటర్, దాన్ని తిప్పే 75 సెం.మీ. స్తంభం, కింద బరువు కొలిచే ఏర్పాటు, అంతే. రెక్కలు, మోటారు, గాలి అన్నీ అవే ఉంచి హబ్ (రెక్కల్ని షాఫ్ట్‌కి కలిపే భాగం) ఒక్కటే మారుస్తూ పోతాను. 1920ల ఆటోజైరోల (రోటర్ ఇంజిన్‌తో కాకుండా గాలికే తిరిగే విమానాల) నుంచి ఇవాళ్టి అటాక్ హెలికాప్టర్ల దాకా ఇంజిన్లు మారాయి, కాక్‌పిట్‌లు మారాయి, ఆయుధాలు మారాయి. కానీ ఆ యంత్రంతో ఎంత సాహసం చేయొచ్చో తేల్చేది మాత్రం రెక్క షాఫ్ట్‌కి అతికే ఆ జానెడు జాగా అని నా గట్టి నమ్మకం. దాన్ని పుస్తకంలో చదవడం కంటే గ్రాముల్లో చూడాలని ఈ పని పెట్టుకున్నాను. ఎవరైనా ఇదే కట్టుకోవాలంటే పనికొస్తుందని, విరిగినవీ పనిచేయనివీ ఎక్కువ రాస్తున్నాను.

దశ 0: స్తంభం, మోటారు, రక్షణ

సామాన్లలో ఎలక్ట్రానిక్స్ కోఠీ గుజరాతీ గల్లీలో, ఇనుము, బేరింగులు రాణిగంజ్‌లో దొరికాయి.

1. 775 మోటారు, 12 వోల్టుల సప్లై, స్పీడ్ కంట్రోలర్.
2. 8 మి.మీ. స్టీల్ షాఫ్ట్, రెండు 608 బేరింగులు, పళ్ళ బెల్టు, పుల్లీలు.
3. స్తంభం అడుగున ప్లైవుడ్ పలక. దాని కింద ఎడమ, కుడి వైపుల్లో 30 సెం.మీ. దూరంలో రెండు ఆధారాలు, ఒక్కో ఆధారం కింద ఒక్కో కిచెన్ స్కేలు.
4. ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) కొలవడానికి చేతిలో పట్టుకునే టాకోమీటర్.
5. చుట్టూ ప్లైవుడ్, పాలీకార్బొనేట్ అడ్డు.

అయిదోదాన్ని మాత్రం దయచేసి వదిలేయకండి. 30 గ్రాముల రెక్క 900 ఆర్‌పీఎం దగ్గర తన బోల్టుని దాదాపు 6 కిలోల బరువుతో బయటికి లాగుతుంది. కొన దగ్గర వేగం సెకనుకి 37 మీటర్లు దాటుతుంది. నిలబడేది, కూర్చునేది ఎప్పుడూ రోటర్ తిరిగే తలానికి పైనో కిందో ఉండాలి, దానికి ఎదురుగా ఉండకూడదు.

కిచెన్ స్కేళ్ళు పనికిరాలేదు. నెమ్మదిగా మారే బరువుని అవి వాటంతటవే సున్నా చేసేసుకుంటాయి, రెండు నిమిషాలకి ఆగిపోతాయి. వాటి స్థానంలో 5 కిలోల లోడ్ సెల్స్ (బరువుని కరెంటు సంకేతంగా మార్చేవి) రెండు, వాటి ఆంప్లిఫయర్ బోర్డులు, ఆ అంకెలు చదివే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో నానో పెట్టాను. మీరు మొదటే అవి కొనండి, రూ. 700 మిగులుతాయి.

ఎదురుగాలి కోసం రెండు పెడెస్టల్ ఫ్యాన్లు పక్కపక్కన పెట్టాను, ఇవి ఇంట్లోవే కాబట్టి లెక్కలో లేవు. ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది కాబట్టి రోటర్ ఆగి ఉన్నా ఎడమ-కుడి తేడా 18 గ్రాములు చూపించింది. పీవీసీ పైపు ముక్కల్ని తేనెపట్టు గదుల్లా పేర్చి ఫ్యాన్ల ముందు పెడితే 5కి దిగింది, మిగిలిన ఆ 5ని ప్రతి కొలతలోంచి తీసేస్తున్నాను. రోటర్ దగ్గర గాలి వేగం సెకనుకి 3.8 మీటర్లు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 5,950

దశ 1: కదలని హబ్

రెక్కలు బాల్సా చెక్కవి, వెడల్పు 40 మి.మీ., అడుగు చదును. మొదటి జత 700 ఆర్‌పీఎం దాటగానే గరగరమని శబ్దం చేసి, కొనలు రెండూ వేర్వేరు ఎత్తుల్లో తిరగడం మొదలుపెట్టాయి. కారణం వెడల్పులో బరువు ఎక్కడుందన్నది. ముందు అంచు నుంచి 42 శాతం దగ్గర ఉంది, గాలి లాగేది మాత్రం 25 శాతం దగ్గర. దాంతో రెక్క మెలితిరిగి, మెలితిరిగిన కొద్దీ ఇంకా లిఫ్ట్ (పైకెత్తే బలం) తెచ్చుకుని, ఇంకా మెలితిరుగుతుంది. ముందు అంచులో 2.5 మి.మీ. స్టీల్ కడ్డీ దించాను. రెక్క బరువు 17 నుంచి 30 గ్రాములైంది, బరువు కేంద్రం 26 శాతానికి వచ్చింది, శబ్దం పోయింది. నిజం హెలికాప్టర్ రెక్కల ముక్కులో బరువులు పెట్టేదీ ఇందుకే.

బ్యాలెన్స్ విషయంలో రాజీ పడకండి. రెండు రెక్కల మధ్య ఒక్క గ్రాము తేడా ఉంటే ఈ వేగంలో 200 గ్రాముల బరువు షాఫ్ట్‌ని చుట్టూ తిప్పి గుంజుతుంది. కొనలో టేపు ముక్కలు అంటిస్తూ 0.1 గ్రాము లోపలికి తెచ్చాను.

ఇక కొలత. హబ్ ఒకే అల్యూమినియం పలక, రెక్కలు దానికి బిగించి ఉన్నాయి, పిచ్ (రెక్క వాలు కోణం) 8 డిగ్రీలు, 900 ఆర్‌పీఎం.

ఫ్యాన్లు ఆపి: లిఫ్ట్ 280 గ్రాములు, ఎడమ-కుడి తేడా 2.
ఫ్యాన్లు వేసి: ఎడమ-కుడి తేడా 96 గ్రాములు.

లిఫ్ట్ మొత్తం షాఫ్ట్ మీద నుంచి 5 సెం.మీ. కుడికి జరిగినట్టు లెక్క. పైనుంచి చూస్తే మన రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి కుడివైపు రెక్క గాలికి ఎదురెళ్తుంది, కొన దగ్గర దానికి తగిలే గాలి 41.5 మీటర్లు. ఎడమవైపు రెక్క గాలితో పాటు పోతుంది, దానికి 34. లిఫ్ట్ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి తేడా ఒకటిన్నర రెట్లు దాకా వస్తుంది. ఇది ఫ్యాన్ గాలికే. 324 ఆర్‌పీఎంతో తిరిగే 14.63 మీటర్ల హ్యూయీ (వియత్నాం యుద్ధంలో అమెరికా వాడిన హెలికాప్టర్) రోటర్ గంటకి 200 కి.మీ. వేగంలో పోతుంటే ఒకవైపు కొనకి సెకనుకి 304 మీటర్లు, రెండోవైపు 193.

స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా మొదటి ఆటోజైరోలు సి.1, సి.2, సి.3 సరిగ్గా ఇక్కడే పక్కకి ఒరిగి పడ్డాయి. ఆయనకి అర్థంకానిది ఏమిటంటే, అంతకుముందు చేసిన చిన్న నమూనా చక్కగా ఎగిరింది. ఆ నమూనా రెక్కల్లో ఉన్నది బెత్తం, అది వంగుతుంది. పెద్ద యంత్రంలో రెక్కలు బిర్రుగా ఉన్నాయి. ఈ బెత్తం సంగతి గుర్తుపెట్టుకోండి, 5వ దశలో అవసరం పడుతుంది.

హబ్ బరువు: 62 గ్రా. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 6,600

దశ 2: పైకీ కిందికీ ఆడే బందు

సియెర్వా కనిపెట్టిన పరిష్కారం ఇది: రెక్క మొదట్లో తలుపుకున్నట్టు ఒక బందు. దాంతో సి.4 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర హెటాఫేలో ఎగిరింది. ఎక్కువ లిఫ్ట్ వచ్చినవైపు రెక్క పైకి లేస్తుంది, లేస్తున్నంతసేపూ దానికి గాలి తగిలే కోణం తగ్గి లిఫ్ట్ తనంతట తనే సర్దుకుంటుంది.

1. షాఫ్ట్ మధ్య నుంచి 20 మి.మీ. దూరంలో 4 మి.మీ. పిన్ను.
2. ఒక్కో పిన్నుకి రెండు 4×8 బేరింగులు.
3. కింద ఆసరాగా చిన్న అడ్డు, రోటర్ ఆగినప్పుడు రెక్క వేలాడి స్తంభాన్ని కొట్టకుండా.

బేరింగు లేకుండా ఉత్త బోల్టు మీద ఆడించి చూశాను, పనిచేయదు. 6 కిలోల లాగుడు కింద బోల్టు ఒరిపిడికి బందు బిగుసుకుపోయి మళ్ళీ బిర్రు హబ్ లాగే ప్రవర్తించింది, తేడా 71 దగ్గర ఆగింది. బేరింగులు వేశాక 14.

ఇంకొకటి కనిపించింది. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల వీడియో తీస్తే (ఒక చుట్టుకి 16 ఫ్రేములు వస్తాయి), ముందువైపు కొన దాదాపు 9 మి.మీ. లేచి, వెనకవైపు అంతే దిగి ఉంది. ఎక్కువ లిఫ్ట్ వచ్చేది కుడివైపు, రెక్క అన్నిటికంటే పైన కనపడేది ముందువైపు, అంటే దాదాపు పావు చుట్టు తర్వాత. హెలికాప్టర్ కంట్రోళ్ళన్నీ ఈ పావు చుట్టు ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకునే కట్టారు.

హబ్ బరువు: 118 గ్రా. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 7,380

దశ 3: ముందుకీ వెనక్కీ ఆడే బందు, దాని వెంట వచ్చిన ఊపు

ఎక్కువసేపు తిప్పాక రెక్క మొదట్లో బాల్సా నిలువునా చీలడం మొదలైంది. చీలిక పైనా కిందా లేదు, ముందు అంచు వైపు ఉంది. రెక్క పైకి లేచినప్పుడు దాని బరువు షాఫ్ట్‌కి దగ్గరవుతుంది, దగ్గరైతే ముందుకి ఉరకాలని చూస్తుంది. దిగినప్పుడు వెనకబడాలని చూస్తుంది. ప్రతి చుట్టుకీ ఆ లాగుడు మొదలు మీదే పడుతుంది. సియెర్వా ఆటోజైరోకి కూడా 1927లో గాల్లో ఉండగా రెక్క మొదట్లో విరిగిపోయింది, ఆ తర్వాతే ఈ రెండో బందు వచ్చింది. సికోర్‌స్కీ హెలికాప్టర్లు ఈ దారిలోనే నడిచాయి. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవిలోంచి మనుషుల్ని తెచ్చిన ఆర్-4, యుద్ధరంగంలో హెలికాప్టర్ చేసిన మొదటి రక్షణ పని అదే, ఆ యంత్రానికి మూడు రెక్కలు, ఇలాంటి బందులు.

నేనూ మూడు రెక్కలకి మారాను. లిఫ్ట్ 360 గ్రాములు. వేగం పెంచుతూ 580 ఆర్‌పీఎం దగ్గరికి రాగానే స్తంభం ఊగడం మొదలైంది. చూస్తుండగానే ఊపు పెరిగి ఒక లోడ్ సెల్ తన చోటు నుంచి జారిపోయింది. వెంటనే కరెంటు తీసేయాలి, అలాగే వదిలేస్తే ఏదో ఒకటి విరిగేదాకా ఆగదు. హెలికాప్టర్లు నేల మీద ఉండగానే ముక్కలైపోయే గ్రౌండ్ రెజొనెన్స్ ఇదే. బ్యాలెన్స్ తప్పిందనుకుని రెక్కల్ని మళ్ళీ మళ్ళీ తూచకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

లెక్క ఇలా ఉంది:

1. 20 మి.మీ. దూరంలో బందు ఉన్న రెక్క, రోటర్ వేగంలో 0.28 వంతు వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతుంది.
2. మూడు రెక్కలూ ఒకపక్కకి గుమిగూడితే బరువు షాఫ్ట్ మీద నుంచి పక్కకి పోతుంది. నేల మీద నిలబడి చూసేవాడికి ఆ బరువు 1 − 0.28, అంటే రోటర్ వేగంలో 0.72 వంతుతో తిరుగుతుంది.
3. స్తంభాన్ని వేలితో తట్టి, ఫోన్‌ని దానికి కట్టి చూస్తే తన సొంత ఊపు సెకనుకి 7.
4. 7 ÷ 0.72 = 9.7, అంటే 580 ఆర్‌పీఎం. సరిగ్గా ఊగిన చోటు.

రెండు మార్పులు చేశాను. బందుల్లో ఫెల్ట్ వాషర్లు వేసి, నైలాక్ నట్టుతో కొంచెం బిగించి ఒరిపిడి పెంచాను, ఊపు తగ్గింది కానీ పోలేదు. తర్వాత స్తంభం నుంచి పలకకి నాలుగు అల్యూమినియం ఏటవాలు బద్దలు బిగించాను, సొంత ఊపు 13కి పెరిగింది. ఇప్పుడు ప్రమాదం 1,080 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది, మనం 900 దాటం. కానీ ఆ రెండు మార్పుల్లో ఏ ఒక్కటీ తీసేయకండి. ఇలాంటి బందులున్న హెలికాప్టర్లకి డాంపర్లు (ఊపుని అణిచే భాగాలు), చక్రాల దగ్గర షాక్ అబ్జార్బర్లు బాగుండటం ఎందుకు ప్రాణావసరమో ఈ ఒక్క పరీక్షతో తెలిసిపోతుంది.

హబ్ బరువు: 214 గ్రా., బేరింగులు 12. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 7,700

దశ 4: ఉయ్యాల బల్ల హబ్

12 బేరింగులు, డాంపర్లు, వాటికి రోజూ చేసే సేవ. యుద్ధరంగంలో ఇది పెద్ద భారం. బెల్ కంపెనీలో ఆర్థర్ యంగ్ వేరే దారి తీశాడు: రెండు రెక్కలూ ఒకే బద్దగా చేసి, మధ్యలో ఒక్క పిన్ను మీద ఉయ్యాల బల్లలా ఊగనిచ్చాడు. కొరియా యుద్ధంలో గాయపడ్డవాళ్ళని మోసిన బెల్ 47, వియత్నాంలో దాదాపు 7,000 తిరిగిన హ్యూయీ, 1965లో ఎగిరిన అటాక్ హెలికాప్టర్ కోబ్రా, అన్నీ ఈ హబ్ మీదే. మరమ్మతు తక్కువ, రెండు రెక్కలే కాబట్టి తక్కువ చోటులో నిలపొచ్చు, పక్కకి ఊగే బందు లేదు కాబట్టి 3వ దశలో వచ్చిన ఆ ఊపు భయమూ లేదు.

మొదటి హబ్‌లో పిన్ను రెక్కల ఎత్తులోనే ఉంది. చుట్టుకి రెండుసార్లు కొట్టే వైబ్రేషన్ వచ్చింది, లోడ్ సెల్ అంకె ఎక్కడా నిలవలేదు. లిఫ్ట్‌కి రెక్కలు ఒకటింబావు డిగ్రీ పైకి వంగుతాయి, అందువల్ల వాటి బరువు కేంద్రం పిన్ను కంటే దాదాపు 5 మి.మీ. పైకి పోయింది. పిన్నుని 5 మి.మీ. ఎత్తాను, అంటే రెక్కలు పిన్ను కిందుగా వేలాడినట్టు. వైబ్రేషన్ చాలావరకు పోయింది. హ్యూయీ హబ్ ఫొటో చూస్తే ఇదే అమరిక కనిపిస్తుంది.

ఎదురుగాలిలో ఎడమ-కుడి తేడా 6 గ్రాములు. అన్నిటికంటే తక్కువ. అక్కడిదాకా బాగుంది.

మోటారు ఆపి ఫ్యాన్లు ఆపకుండా వదిలేసినప్పుడు టక్ టక్‌మని శబ్దం వచ్చింది. 200 ఆర్‌పీఎంకి దిగేసరికి రెక్కల వేగం తగ్గి, గాలి వాటా పెరిగి, బద్ద బాగా ఊగి, 6 డిగ్రీల దగ్గర పెట్టిన అడ్డు దాటి హబ్ అంచు షాఫ్ట్ తొడుగుకి తగిలింది. తొడుగు మీద ఎదురెదురుగా రెండు నొక్కులు. దీని పేరు మాస్ట్ బంపింగ్ (మాస్ట్ అంటే రోటర్‌ని తిప్పే నిలువు షాఫ్ట్). నా బెంచ్ మీద నొక్కుతో పోయింది. హ్యూయీలో, కోబ్రాలో అయితే మాస్ట్ తెగి రోటర్ ఊడిపోయి మనుషులు చనిపోయారు, అదీ నేల మీద కాదు, గాల్లో.

ఇప్పటికి చేసిన మార్పు: అడ్డు 10 డిగ్రీలకి, దాని మీద రబ్బరు. ఫ్యాన్లు ముందు ఆపాలి, మోటారు తర్వాత.

హబ్ బరువు: 74 గ్రా., బేరింగులు 2. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 8,150

దశ 5: బందు లేదు, వంగే పట్టీ ఉంది

సియెర్వా బెత్తం దగ్గరికి మళ్ళీ వచ్చాం. 1967లో ఎగిరిన జర్మనీ హెలికాప్టర్ బో 105 గ్లాస్ ఫైబర్ రెక్కలతో ఆ బందులు తీసేసింది. మన హెలికాప్టర్ ధ్రువ్ 1992 ఆగస్టు 20న బెంగళూరులో ఎగిరింది, దాని 13.2 మీటర్ల నాలుగు రెక్కల రోటర్‌కీ బందులు లేవు, మన అటాక్ హెలికాప్టర్ ప్రచండ్‌ది కూడా అదే కుటుంబం.

1. రాగిపూత లేని 1.6 మి.మీ. ఎఫ్‌ఆర్4 (సర్క్యూట్ బోర్డులకి వాడే గ్లాస్ ఫైబర్) షీటు, 20 మి.మీ. వెడల్పు పట్టీలు.
2. రెండు బిగింపుల మధ్య వంగడానికి 40 మి.మీ. వదలాలి.
3. నాలుగు రెక్కలు, లిఫ్ట్ 455 గ్రాములు.

మొదటి పట్టీలు బోల్టు రంధ్రాల దగ్గర పొరలు విడిపోయాయి. డ్రిల్లు చేసేటప్పుడు వెనక చెక్క పెట్టకపోతే రంధ్రం అంచున పొరలు చిట్లుతాయి, ఆ చిట్లు మీద 6 కిలోల లాగుడు పడితే ఇంకా పెరుగుతుంది. రెండు చెక్కల మధ్య నొక్కిపట్టి డ్రిల్లు చేసి, బోల్టు కింద వెడల్పు అల్యూమినియం ప్లేటు వేశాక నిలిచాయి. బిగింపు అంచుని కూడా ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి, వాడి అంచు మీద వంగితే పట్టీకి అక్కడే తెల్లని గీత పడుతుంది.

హబ్ బరువు: 96 గ్రా., బేరింగులు 0. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 8,550

దశ 6: లిఫ్ట్ లేనప్పుడు అదుపు ఉంటుందా

నాలుగో దశ నొక్కులు చూశాక నాకు కావలసిన కొలత ఇదే. ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) హెలికాప్టర్ స్వాష్‌ప్లేట్ కొని (వంచితే రెక్కల పిచ్ ప్రతి చుట్టులో ఒకపక్క పెరిగి, ఎదుటిపక్క తగ్గేలా చేసే పలక ఇది), దాన్ని కదిలించే చిన్న మోటార్లు, అంటే సర్వోలు, లేకుండా మర కడ్డీలతో 3 డిగ్రీల వంపు దగ్గర కదలకుండా బిగించాను. పైలట్ కర్ర ఒకపక్కకి నొక్కి పట్టినట్టు అనుకోండి. ఫ్యాన్లు ఆపి ఉన్నాయి.

పట్టీనే మెలిపెట్టి పిచ్ మార్చబోతే ప్లాస్టిక్ లింకులు ఊడొచ్చాయి, పట్టీ మెలికి అంత బిర్రు. పట్టీకి అవతల రెండు బేరింగుల పట్టు పెట్టి రెక్కని దాంట్లో తిప్పాను. అందుకే బేరింగులు సున్నా నుంచి 8 అయ్యాయి. ఇంకో సంగతి: ఉయ్యాల బల్లకి స్వాష్‌ప్లేట్‌ని 90 డిగ్రీలు ముందుకి తిప్పి పెడితే సరిపోయింది, పట్టీ హబ్‌కి 65 దగ్గర పెట్టాల్సి వచ్చింది. రెక్క మొదలు ఎంత బిర్రైతే ఆలస్యం అంత తక్కువ.

కొలతలు (ఒక్కో లోడ్ సెల్ మీద మార్పు):

ఉయ్యాల బల్ల, పిచ్ 8 డిగ్రీలు: 33 గ్రా.
ఉయ్యాల బల్ల, పిచ్ 0 (అంటే లిఫ్ట్ సున్నా అయ్యే కోణం): 2 గ్రా.
పట్టీ హబ్, పిచ్ 8 డిగ్రీలు: 160 గ్రా.
పట్టీ హబ్, పిచ్ 0: 110 గ్రా.

ఉయ్యాల బల్ల రోటర్ వొంగుతుంది గానీ ఆ వొంపుని శరీరానికి చెప్పే దారి ఒక్కటే, లిఫ్ట్. లిఫ్ట్ పోతే రోటర్ ఎటు వొంగినా కింద ఉన్న యంత్రానికి తెలియదు. వియత్నాంలో 1972లో భుజం మీద పెట్టి పేల్చే క్షిపణులు వచ్చాక హెలికాప్టర్లు చెట్ల ఎత్తులోనే, గుట్ట ఎక్కి దిగుతూ ఎగరాల్సి వచ్చింది. గుట్ట దాటి ముక్కు దించగానే ఆ కాసేపు లిఫ్ట్ దాదాపు సున్నా. తోక రోటర్ మాత్రం తన తోపు ఆపదు, యంత్రం కుడికి దొర్లుతుంది, పైలట్ సహజంగా కర్ర ఎడమకి కొడతాడు, రోటర్ వొంగుతుంది, శరీరం వొంగదు, హబ్ మాస్ట్‌ని కొడుతుంది. 33 నుంచి 2 అంటే అర్థం అదే.

అందుకే ఆ తర్వాతి తరంలో 1974లో ఎగిరిన బ్లాక్‌హాక్, 1975లో ఎగిరిన అపాచీ రెండూ నాలుగు రెక్కలకి వెళ్ళాయి. బ్లాక్‌హాక్ హబ్‌లో బాల్ బేరింగుల స్థానంలో రబ్బరు, లోహపు పొరల బేరింగులు, అపాచీలో రెక్కని పట్టుకునేది పలచని స్టీల్ రేకుల కట్ట. ఆ అపాచీల శరీరాలు 2018 నుంచి మన ఆదిభట్లలో తయారవుతున్నాయి. కోబ్రా వంశం కూడా చివరికి ఉయ్యాల బల్ల వదిలేసింది, 2000 డిసెంబరులో ఎగిరిన ఏహెచ్-1జెడ్‌కి నాలుగు కాంపోజిట్ రెక్కలు, బందులు లేవు.

పట్టీ హబ్‌లో నాకు నచ్చనిది కూడా రాయాలి. గాలి కుదుపు ఏది వచ్చినా నేరుగా స్తంభానికి పంపేస్తుంది. ఫ్యాన్ వేసి తీస్తే ఉయ్యాల బల్ల కంటే లోడ్ సెల్ అంకె చాలా ఎక్కువ గెంతుతుంది. అదుపు ఏ దారిన వస్తోందో కుదుపూ ఆ దారినే వస్తోంది. పట్టీ పొడవు 40 నుంచి 55 మి.మీ.కి పెంచి మళ్ళీ కొలవాలి, అదుపు కొంత తగ్గుతుంది, ఎంత తగ్గితే కుదుపు ఎంత తగ్గుతుందన్నది తేలాలి. కొత్త పట్టీలు కోసి పెట్టాను, డ్రిల్లు మిగిలి ఉంది.

పట్టు, బేరింగులతో కలిపి హబ్ బరువు: 171 గ్రా. మొత్తం ఖర్చు: రూ. 9,900